ఎస్తేరవ్వ చెప్పినంతే

ఫిబ్రవరి 1, శనివారం

నిర్మల్ నుంచి మూడున్నర బస్సు. ఘాట్ మీద కోతులు. బోథ్‌లో దిగి ఆటో. హాస్టల్ బట్టలు నానబెట్టి చర్చికి వెళ్లాను — ప్రార్థన మనవుల పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. ఆదివారం ఆరాధనలో చీటీలు పైకి చదివేది నేనే. ఇంటర్ నుంచీ అంతే.

మెట్ల మీద ఎస్తేరవ్వ. ఆమెకు చదువు రాదు. ఎవరు కనబడితే వాళ్లతో చీటీ రాయిస్తుంది. ఈరోజు నేను కనబడ్డాను.

"రాయి బిడ్డ. శాంతకు నాకు మాటల్లేవు. మల్ల మాట్లాడుకోవాలె."

"ఇంకేం రాయాలె అవ్వా?"

"గంతే. మిగిలింది దేవునికి తెల్వదా?"

శాంతత్త ఆమె తమ్ముడి భార్య. నెల నుంచి మాటల్లేవు. కారణం రొట్టె. ప్రతి నెలా మొదటి ఆదివారం, అందరం ఒకే రొట్టె పంచుకొని ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే ప్రభువు బల్లకు, ఎస్తేరవ్వే రొట్టె కాలుస్తుంది — ఉప్పు లేకుండా, పులియబెట్టకుండా, వట్టి గోధుమపిండి. జనవరిలో తెల్లగుడ్డలో కట్టుకొని వచ్చేసరికి బల్ల మీద శాంతత్త పెట్టిన ట్రే ఉంది. ఆమె కొడుకు ప్రవీణన్న దుబాయ్ నుంచి తెచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గ్లాసు, రొట్టెకు బదులు డబ్బాలో పలచని తెల్ల బిళ్లలు. ఎస్తేరవ్వ గుడ్డ విప్పలేదు. రొట్టెను ఇంటికి తీసుకుపోయింది.

ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరైనా ఏదైనా అని ఉంటే సర్దడం తేలికయ్యేది.

రాత్రి అన్నానికి ముందు చీటీ మళ్లీ చదువుకున్నాను. బక్క వాక్యం. దేవుని ముందు పెట్టే మాట ఇంత బక్కగా ఉండాలా? కొత్త కాగితం మీద నా మాటల్లో రాశాను —

‘అహంకారంతో శిలలైన హృదయాలు నీ ప్రేమ స్పర్శకు ద్రవించి, పశ్చాత్తాపపు కన్నీటితో నీ పాదాల చెంతకు చేరాలని...’

పేర్లు తీసేశాను. పేరు లేకపోతే మాట విశాలమవుతుంది.

నాలుగుసార్లు పైకి చదివాను. ‘ద్రవించి’ దగ్గర గొంతు తగ్గించాలి. ఎస్తేరవ్వ చెప్పి రాయించిన చీటీ ఈ పేజీలోనే పెట్టుకుంటున్నాను.


ఫిబ్రవరి 2, ఆదివారం

చదివాను. బల్ల ముగిశాక, చివరన. ‘ద్రవించి’ దగ్గర గొంతు తగ్గించాను.

నిశ్శబ్దం. మంచి నిశ్శబ్దం అనుకున్నాను.

ఆడవాళ్ల చాప మీద తలలన్నీ మొదట ఎస్తేరవ్వ వైపు, తర్వాత శాంతత్త వైపు తిరిగాయి. పేర్లు లేకపోయినా ఊళ్లో ఎవరికి తెలియదు? ఎస్తేరవ్వ కళ్లు మూసుకొని ఉంది. తల ఊపింది. ఆమేన్ అన్నట్టు.

శాంతత్త లేచింది. "శిల అంటె బండనే గదా?" అని పక్కామెను అడిగింది. మెల్లగా అడగలేదు. శాంతత్త బయటికి నడిచింది. చెప్పుల్లో ఒకటి దొరకలేదు. చెప్పుల కుప్పలో ఆమె వెతుకుతున్న చప్పుడు లోపల అందరం విన్నాం. ఆమె వెనక ఆమె భర్త యేసురత్నం మామ. ప్రవీణన్న బల్ల మీది ట్రే తీసుకొని మరీ వెళ్లాడు. ఆ తర్వాత ఇంకో ఇల్లు. ఇంకోటి. మొత్తం ఏడు ఇళ్లు.

ఇంట్లో మా అవ్వ — నాకు అమ్మ అవ్వ, నాన్న బాపు — బీడీల చాట ముందేసుకొని ఆకు కత్తిరిస్తూ అంది — "ముసల్దాని కడుపుల గింత విషమున్నదా? ఎంత మాట రాయించింది!"

నేను అన్నం తిన్నాను. చెప్పలేదు.


ఫిబ్రవరి 4

నిర్మల్. కాలేజీలో తెలుగు సార్ బోర్డు మీద ‘నిర్వేదం’ అని రాశారు. ఎంత అందమైన మాట. మంచి మాటలు దాచుకునే వెనక పేజీలోకి ఎక్కించాను.


ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రవీణన్న వాళ్ల పత్తి షెడ్డులో ఆరాధన మొదలైంది. మైకు కట్టారు. బాపు చర్చి గంట కొట్టగానే అక్కడ పాట ఎత్తుకున్నారు. మేమూ అదే పాట — కానీ వాళ్లది హుషారు, మాది నిదానం. వాళ్లు మూడో చరణంలో ఉంటే మేము రెండో చరణంలో. కొందరు పొరపాటున వాళ్లతో కలిసిపోయారు. బాపు మైకు పెంచాడు. అక్కడా పెంచారు.

తిరిగి వస్తుంటే పక్కింటి పోశెట్టి కాక ఎద్దుకు నీళ్లు పెడుతూ —

"ఏమే పిల్లా, మీకు దేవుడు ఒక్కడే అంటరు గదా. రెండు మైకులెందుకు?"

"కరెంటెక్కువైంది కాకా."

నవ్వాడు. నేనూ నవ్వాను. గేటు దాకా నవ్వాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

మా పాస్టరు అయ్యగారు నాలుగు ఊళ్ల సంఘాలు చూస్తారు. ఉదయం మా చర్చి, తర్వాత షెడ్డు, ఆ తర్వాత పక్క ఊరు. "వాళ్లూ నావాళ్లే కదమ్మా" అంటారు. అది విని మావాళ్లలో కొందరు ముఖం తిప్పుకుంటారు. షెడ్డులోనూ తిప్పుకుంటారట.

ఈరోజు నన్ను పిలిచారు. "కెజియా, నీకు మాటలొచ్చు. ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం నాడు నువ్వు మాట్లాడాలె. సంఘం ఒక్కటి కావాలంటె మనం ఆత్మలో ఎట్ల ఎదగాలె — గిది విషయం. షెడ్డోళ్లను గూడ పిలుస్త."

సరే అన్నాను. ఎంత త్వరగా అన్నానో ఇప్పుడు చూసుకుంటే... ముందు సంతోషం వచ్చింది. చీటీ తర్వాత గుర్తొచ్చింది.


మార్చి 2, ఆదివారం

బల్ల ఆదివారం. తెల్లని బట్ట పరిచి ఉంది. గిన్నె ఉంది. పళ్లెం ఖాళీ.

ఎస్తేరవ్వ రొట్టె తేలేదు — ‘బిళ్లలున్నయి గదా’ అనుకుందట. ట్రేతో పాటే బిళ్లల డబ్బా కూడా షెడ్డుకు పోయింది. చర్చివాళ్లు ఎస్తేరవ్వ కాల్చుకొస్తుందని అనుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి.

బాపు కిరాణా కొట్టుకు ఉరికాడు. బన్ను, బిస్కెట్లు తప్ప ఏమీ లేవట. బన్ను చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరో పిల్ల కిసుక్కుమంది. అయ్యగారు పళ్లెం వైపు కొంతసేపు చూసి, "ఈ నెల బల్ల లేదు" అన్నారు. బట్ట మడిచారు. మూలలు కలిపి, నింపాదిగా.

అరవై ఏళ్ల చర్చిలో రొట్టె లేక బల్ల ఆగడం ఇదే మొదటిసారని పెద్దవాళ్లు అంటున్నారు. బన్ను ఇంటికొచ్చింది. అవ్వ చాయ్‌లో ముంచుకొని తిన్నది.


మార్చి 5, బుధవారం

శ్రమకాలం మొదలు — ఈస్టర్ దాకా యేసు శ్రమలు తలుచుకునే రోజులు. హాస్టల్‌లో ఒక పూట ఉపవాసం. నలభై రోజులు మాటలు తక్కువ మాట్లాడాలని నిర్ణయం.

సాయంత్రానికే తప్పింది.


మార్చి 8, శనివారం

ప్రసంగం మొదలుపెట్టాను. తొలి వాక్యం: ‘సంఘైక్యత అనే సుమహారానికి ఆత్మీయ పరిపక్వతే సూత్రం.’

బైబిల్లో అపొస్తలుని ఉత్తరంలో, సంఘాన్ని ఒంటితో పోల్చిన అధ్యాయం మూడుసార్లు చదివాను. ఆయన ఎదగడం గురించి రాసి, వెంటనే కీళ్ల గురించి రాస్తాడు. ఒళ్లు ఎదగాలంటే ఒక్క చెయ్యి ఎదిగితే కాదు కదా — అన్నీ అతుక్కొని ఎదగాలి. ఇది బాగుంది. దీనికి ఉపమానం వెతకాలి.


మార్చి 15, శనివారం

ప్రసంగం ఆరు పేజీలైంది. వరండాలో పైకి చదువుతున్నాను. బాపు మందు పంపు బాగుచేస్తూ వింటున్నాడు.

"సుమహారం అంటె?"

"పూలదండ, బాపు."

"మరి పూలదండ అనరాదు?"

"రెండూ ఒకటి కాదు."

"ఓహో." కొంతసేపటికి మళ్లీ — "మంచిగున్నది కెజమ్మా. గని గిదంత ఎవల్కి చెప్తున్నవ్? ఎస్తేరవ్వకా, శాంతకా?"

"ఇద్దరికీ."

"నీకు లేదా దాంట్ల?"

ఆయనకేమీ తెలియదు. ఊరికే అడిగాడు. పంపులోంచి ఒక్కసారిగా నీళ్లు చిమ్మాయి, ఆయన అంగీ తడిసింది, మాట అక్కడితో ఆగింది.

ఆ తర్వాత ఆరు పేజీలూ చదివాను. నా గురించి ఒక్క వాక్యం లేదు. ‘మనం’ ఇరవై మూడుసార్లు ఉంది. ‘నేను’ లేదు.


మార్చి 16, ఆదివారం

ఆరాధన తర్వాత అయ్యగారి బండి స్టార్ట్ కాలేదు. ప్లగ్ విప్పి, ఇసుక కాగితంతో రుద్దుతూ కూర్చున్నారు. వెళ్లి అడిగాను.

"అయ్యగారూ, ఒక మనిషి ఆత్మలో ఎదిగిండని ఎట్ల తెలుస్తది?"

"ప్రసంగానికా?"

"అవును."

"ఒక్కణ్ని చూసి చెప్పలేం కెజియా. ఒంటరిగా ఉన్నప్పుడు నేను గూడ చాన ఎదిగినట్టే ఉంట." ప్లగ్‌ను వెలుగులోకి ఎత్తి చూశారు. "నచ్చనోడు వచ్చి పక్కన కూసున్నప్పుడు తెలుస్తది, ఎంత ఎదిగిననో."

బండి స్టార్ట్ అయింది. షెడ్డు వైపు వెళ్లారు.

చీటీ సంగతి ఆయనతో చెబుదామనే వెళ్లాను. ప్రశ్న అడిగి వచ్చాను.


మార్చి 22, శనివారం

ఎస్తేరవ్వ ఇంటికి వెళ్లాను. గడప దగ్గర కూర్చొని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ఒక్కతే. పొయ్యి మీద జొన్నరవ్వ గటక ఉడుకుతోంది.

రెండు కాగితాలూ చదివి వినిపించాను. ముందు ఆమె చెప్పింది. తర్వాత నేను రాసింది. ఏడవకూడదని ముందే అనుకున్నాను కాబట్టి ఏడవలేదు.

"అవ్వా, నీ మాటలు కావని ఆనాడే తెలిసిందా?"

"తెలిసింది."

"మరెందుకు చెప్పలే? ఊరంత నిన్నే అంటున్నరు గదా."

నూనె గిన్నె పక్కకు జరిపింది. "నాకు మంచిగనిపిచ్చింది బిడ్డ."

"ఏది?"

"నువ్వు చదివింది. నా కడుపుల కోపముండె. చెప్పుకుంటె పాపమని చెప్పుకోలే. నీకు చెప్పేటప్పుడు గూడ దాన్ని లోపలనే పెట్టిన. నువ్వేమో దానికి మంచి అంగి తొడిగి నడిబజార్ల నిలవెట్టినవ్. ఎవలదీ అనుకున్న. చూస్తె నాదే." నవ్వినట్టే అయింది. "గందుకే తలకాయూపిన. గా ఊపుడు నాదే. నువ్వు ఊపలే గదా."

నేను ప్రార్థనకు అందం తెస్తున్నానని అనుకున్నాను. ఆమె కోపానికి తెచ్చానట.

"శాంతత్తకు చెప్పొస్త" అన్నాను.

"చెప్పు. గని నాకోసమని చెప్పకు. నీకోసం నువ్వు చెప్పుకో."

గటక పెట్టింది. తిన్నాను. ఉప్పు తక్కువైంది. ఆమె చేతికి ఉప్పు లేని పిండి అలవాటు.


మార్చి 23, ఆదివారం

శాంతత్త ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచాను. రెండోసారి వాళ్ల కుక్క కూడా మొరగలేదు.


మార్చి 29, శనివారం

రెండు పండుగలు కలిసి రావడంతో హాస్టల్ సగం ఖాళీ. ఇంటికి రాగానే, సంచి కూడా దించకుండా శాంతత్త దగ్గరికి. దించితే పోనని తెలుసు.

వాకిట్లో శనగలు చెరుగుతోంది. "ఏమే, చర్చోళ్ల బిడ్డ తొవ్వ తప్పిందా?" అంది. చాట ఆగలేదు.

చెప్పాను. నిలబడే చెప్పాను. ఎస్తేరవ్వ చీటీ చదివాను. నేను మార్చింది చెప్పాను. శాంతత్త చాట ఆపింది.

"ఇంకోసారి చదువు. ముందుది."

"శాంతకు నాకు మాటల్లేవు. మల్ల మాట్లాడుకోవాలె."

"గంతేనా?"

"గంతే అత్తా."

కొంచెంసేపు శనగల్లో రాళ్లేరింది. రాళ్లు లేవు అందులో. నేను చూస్తూనే ఉన్నాను.

"సరే. రాసింది నువ్వు, చదివింది నువ్వు. గని తలకాయూపిందెవలు? నేను ముందు చాప మీదనే కూసున్న. నా కండ్లతోని చూసిన."

"అవ్వకు తప్పు తెలిసింది అత్తా..."

"నువ్వు మల్ల రాస్తున్నవ్." నా వైపు వేలు చూపింది. "గామె చెప్పిందా గట్ల? ఈ మాటే అన్నదా?"

"అనలే."

"మరి?"

నిజమే. అక్కడ నిలబడి కూడా ఒక చీటీ మార్చి చదివాను.

"ముప్పై యేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నం" అంది, నాతో కాదు, చాటతో. "పండుగకు ఒక్క తీరు చీరెలు గట్టుకున్నం. నా గుండె బండ అని ఎవలో పిల్ల రాస్తె నాకేం ఫికర్? గామెకు గది నిజమనిపిచ్చింది. గదీ నా లొల్లి."

వెళ్లబోతుంటే పిలిచింది. కవర్‌లో శనగలు పోసి ఇచ్చింది — "మీ అవ్వకియ్యి." తర్వాత, ఇంట్లో ప్రవీణన్న ఉన్నాడేమో ఒకసారి చూసి, "గా బిళ్లలు నాకు గూడ గొంతుల దిగయి. పొరగాడు అంత దూరంకేలి ముచ్చటపడి తెచ్చిండని బల్ల మీద పెట్టిన. గీ మాట నీ దగ్గర్నే ఉండాలె. ముసల్దానికి మోసినవనుకో..."

"మొయ్య అత్తా."


ఏప్రిల్ 5, శనివారం

శాంతత్త చివరన చెప్పిన మాట వారం నుంచి నాలో తిరుగుతోంది. అది ఒక్కటి ఎస్తేరవ్వ చెవిన పడితే రేపే అంతా సర్దుకుంటుందేమో. మార్చనక్కర్లేదు, అలంకరించనక్కర్లేదు. నిజమే. ఉన్నదున్నట్టే.

కానీ నాది కాదు.

వెనక పేజీలోకి ఈ వారం ఎక్కినవి: సోయి (స్పృహ), నిమ్మలం (నెమ్మది), పైలం (జాగ్రత్త). మూడూ మా అవ్వ నోటి నుంచే. ఇన్నేళ్లు వింటూ ఒక్కటీ రాసుకోలేదు.


ఏప్రిల్ 6, ఆదివారం

ఈ నెల బల్ల మొదటి ఆదివారం కాకుండా పండుగ ముందటి గురువారం అని అయ్యగారు ప్రకటించారు. రొట్టె ఎవరు తెస్తారో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.


ఏప్రిల్ 12, శనివారం

ఆరు పేజీలు పక్కన పెట్టాను. చింపలేదు. చింపితే అది కూడా ఒక అభినయమే అవుతుంది. వెనక వైపు ఖాళీగా ఉంది, నోట్సుకు పనికొస్తుంది.

రేపు ఏం చెప్పాలో బాపుకూ అవ్వకూ ముందే చెప్పాను. అవ్వ చేతిలో బీడీ దారం ఆగింది. "నువ్వా?" అంది. బాపు బయటికి వెళ్లి చాలాసేపు ఈత మట్టలు కోశాడు. అవసరమైన దానికన్నా ఎక్కువ.


ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఊరేగింపు. షెడ్డు ముందు నుంచే దారి. వాళ్లూ మట్టలు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డారు. రెండు గుంపుల మధ్య రోడ్డు. అయ్యగారు ఆగి పాట ఎత్తారు. ఈసారి మైకులు లేవు. ఎవరి వేగం వాళ్లదే, కానీ మైకులు లేకపోతే తేడా అంతగా తెలియలేదు. పాట అయిపోయింది. మేము కదిలాం. వాళ్లు లోపలికి వెళ్లారు.

ఒక్క యేసురత్నం మామ మాత్రం మట్టతో మా వెనక నడిచి వచ్చి, చర్చిలో చివర గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

నన్ను పిలిచారు. లేచాను. ఎస్తేరవ్వ చీటీ చదివాను. ఫిబ్రవరిలో చదివింది ఇది కాదని, అది నేను రాసిందని, ఆమె చెప్పింది ఇంతేనని చెప్పాను. దేవుని ముందు ఆమె పెట్టిన మాట తీసేసి నా మాట పెట్టాను, ఎందుకంటే అది అందంగా ఉందనుకున్నాను అని చెప్పాను. ఎదగడం గురించి మాట్లాడమన్నారు, ఆ విషయం నాకు ఇంతవరకే తెలుసు అని కూర్చున్నాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

నిశ్శబ్దం. ఇది మంచిదో కాదో పోల్చుకోలేకపోయాను.

తర్వాత ముందు చాప నుంచి — "రెండు నెలలు ముసల్దాన్ని తిట్టుకుంట ఉన్నం గదనే! ముందుగాల చెప్పొద్దా?" ఇంకొకరు — "చదువుకున్న పిల్లలని పెట్టె చేతికిస్తె గిట్లనే." మూడో గొంతు — "పోనీయ్‌ర్రి, చెప్పింది గదా." ఎస్తేరవ్వ మాత్రం గట్టిగానే అంది: "తలకాయూపింది నేను. గది గూడ రాసుకోర్రి."

ఎవరో నవ్వారు. అయ్యగారు ప్రార్థన చేశారు. చిన్న ప్రార్థన.

బయటికి వచ్చేసరికి యేసురత్నం మామ లేడు. గోడ దగ్గర మట్ట ఉంది.

ఇంట్లో అవ్వ — "ఇగ పెట్టె జోలికి నువ్వు పోకు." బాపు చెయ్యి చాపాడు. తాళం ఇచ్చాను. చిన్న తాళమే. నాలుగేళ్లు నా దగ్గర ఉంది.


ఏప్రిల్ 15

నిర్మల్. క్లాసులో ఏమీ ఎక్కించుకోలేదు.


ఏప్రిల్ 17, గురువారం

సాయంత్రం బల్ల ఉందని మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. ఎస్తేరవ్వ కబురు పెట్టిందట. వెళ్లేసరికి పిండి ముందేసుకొని కూర్చుంది. నీళ్లు పోయమంది. పోశాను. ఎప్పటికన్నా పిండి ఎక్కువ ఉంది. నేను అడగలేదు.

రెండు కాల్చింది. రెండూ ఒకే మందం, ఒకే వెడల్పు. వేళ్లతో కొలిచి చూసుకుంది. ఒకటి చర్చికి. రెండోది వేరే తెల్లగుడ్డలో చుట్టి, ముడి వెయ్యకుండా అంచులు లోపలికి మడిచింది.

"షెడ్డుకు ఇచ్చిరా."

"ఏమని చెప్పాలె?"

"ఏం చెప్పకు."

ఎండ ఇంకా ఉంది. గుడ్డలోంచి వేడి అరచేతులకు తగులుతోంది. దారిలో పోశెట్టి కాక — "ఏం వాసననే గది?" అన్నాడు. "రొట్టె." "మాకు లేదా?" అన్నాడు. నవ్వడానికి వీలు కాలేదు, పడేస్తానేమోనని.

షెడ్డులో శాంతత్త ఒక్కతే చాపలు పరుస్తోంది. బల్ల మీద ట్రే సిద్ధంగా ఉంది. నా చేతుల్లో గుడ్డ చూసింది. ఆ గుడ్డ ఎవరిదో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు.

"ఏమన్న చెప్పుమన్నదా?"

"లేదత్తా."

చాప అంచు కాలితో సరిచేసింది. మళ్లీ సరిచేసింది. నేను నిలబడే ఉన్నాను.

"పెట్టి పో."

ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. కిటికీ దిమ్మె ఉంది. కుర్చీ ఉంది. బల్ల మీద ట్రే పక్కన కాస్త చోటుంది. ట్రే పక్కన పెట్టాను. ఆమె చూసింది. జరపలేదు. ఇంకో చాప విప్పింది.

ఎస్తేరవ్వ పెనం కడగకుండా అలాగే కూర్చొని ఉంది.

"ఏమన్నది?"

దారి పొడవునా వాక్యాలు తయారయ్యాయి. ‘నీ మోకాళ్లెట్లున్నయని అడిగింది.’ ‘కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది.’ ఒక్కటీ జరగలేదు. అన్నీ అందంగా ఉన్నాయి. వాటి కింద ఇంకొకటి — బిళ్లల గురించి, నిజమైనదే, నాది కానిది.

"‘పెట్టి పో’ అన్నది."

"గంతేనా?"

"గంతే అవ్వా."

ఎస్తేరవ్వ పెనం బోర్లించింది. చేతులకు అంటిన పిండి ఒక్కో వేలి నుంచి రాల్చుకుంది. చాలాసేపు.

"‘పెట్టి పో’ అన్నది" అంది. "‘తీస్కపో’ అనలే."

"అనలే."

చేతులు తుడుచుకుంది. చర్చి గంట మొదటిసారి మోగింది.


ఏప్రిల్ 18

రోజంతా ఆరాధన. ఏమీ రాయాలని లేదు.


ఏప్రిల్ 20, ఈస్టర్

ఇక్కడా ఆరాధన, అక్కడా ఆరాధన. ఒకటే సమయం. మైకులు రెండూ మోగాయి, మాది కొంచెం తక్కువగా. బాపు తగ్గించాడో, పాడైందో.

చీటీలు బాపు చదివాడు. అద్దాలు పెట్టుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ‘మా బర్రె ఈనాలె.’ ‘కొడుకుకు వీసా రావాలె.’ ‘నొప్పి తగ్గాలె.’ చదివినదాని తర్వాత ఒక్క మాట కలపలేదు. అందరూ ఆమేన్ అన్నారు. బాగుంది. బాగుందని రాయడానికి నాకు కాస్త సమయం పట్టింది.

గురువారం షెడ్డులో ఏది విరిచారో నాకు తెలియదు. రొట్టో, బిళ్లలో. యేసురత్నం మామ బోరు దగ్గర ఎదురయ్యాడు. బిందె నింపుకొని, "ఎండలెక్కువైనయ్ బిడ్డ" అని వెళ్లిపోయాడు. నేను అడగలేదు. ఎస్తేరవ్వా అడగలేదు.

సాయంత్రం ఆమె దగ్గర కూర్చున్నాను. మే మొదటి ఆదివారం మళ్లీ బల్ల. రేపు నిర్మల్ పోతాను, మళ్లీ పదిహేను రోజులకు గానీ రాను. పిండి తెచ్చిపెట్టి పోదామని అడిగాను —

"అవ్వా, ఒక్కదానికి సరిపోనా, రెండింటికా?"

"షెడ్డుకు పోయిన గుడ్డ రానీ. చూద్దాం."

గుడ్డ ఇంకా రాలేదు.